పిరికి కాకటీల్‌కి రెక్కలు కత్తిరించాలా, వద్దా?

మారతహళ్ళి_మూడో_అంతస్తు
అందరికీ నమస్కారం. పోయిన నెల ఒక కాకటీల్‌ని (తలమీద కుచ్చుండే, చిలుక జాతి చిన్న పెంపుడు పక్షి) తెచ్చుకున్నాం. బూడిద రంగుది, బుగ్గల మీద నారింజ చుక్కలు. షాపులో పెద్ద పంజరంలో గుంపుతో పెరిగింది, చేత్తో తినిపించి పెంచింది కాదు. నేను గుమ్మంలో కనబడితే చాలు, అవతలి మూలకి పోయి ఊచలకి అతుక్కుపోతుంది. గింజల గిన్నె మార్చడానికి చెయ్యి పెడితే తలమీది కుచ్చు అణిచేసి బుస కొడుతుంది.

అమ్మినాయన్ని అడిగితే "తీసుకురండి సార్, రెక్కలు కత్తిరించి ఇస్తా, వారంలో భుజమెక్కి కూర్చుంటుంది" అన్నాడు. మా ఆవిడ ససేమిరా అంటోంది. మా నాన్నగారేమో "ఊళ్లో కోళ్లకి కత్తిరించేవాళ్లం, దీనికేం వచ్చింది" అంటారు. కత్తిరిస్తే నిజంగా మచ్చికవుతుందా? అసలు అలా చేయొచ్చా?

పెరంబూరు_బాబాయి
కత్తిరించండి. పూర్తిగా పెరిగిన ఈకలో ప్రాణం ఉండదు, గోరు తీసినట్టే, నొప్పి తెలియదు. పాత ఈకలు రాలినప్పుడు కొత్తవి వస్తాయి. జీవితాంతం అలాగే ఉండిపోయేది కాదు.

మాది చెన్నై. ఇక్కడ ఫ్యాన్ లేకుండా ఎవరు కూర్చోగలరు? ఎగిరే పక్షినీ తిరిగే ఫ్యాన్‌నీ ఒకే గదిలో పెట్టుకుని మచ్చిక గురించి మాట్లాడటం నాకు అర్థం కాదు. మా వీధిలోనే ఒకరింట్లో బడ్జీ (పిచ్చుకంత చిన్న పెంపుడు చిలుక) అలా పోయింది. అది ఎగిరినప్పుడు ఫ్యాన్ ఆగే ఉంది. కానీ స్విచ్ ఆపలేదు, కరెంటు పోయి ఆగింది. కరెంటు రాగానే తిరిగింది.

ఇంకో సంగతి. రెక్కలున్న పిరికి పక్షిని బయటికి వదిలితే కర్టెన్ రాడ్ ఎక్కి కూర్చుంటుంది. మీరు కుర్చీ వేసుకుని, తువ్వాలు పట్టుకుని గదంతా తరుముతారు. ఉన్న కాస్త నమ్మకం అక్కడే పోతుంది. కత్తిరించిన పక్షి నేలమీదికి దిగుతుంది, పైకి ఎక్కాలంటే మీ వేలే గతి. నాలుగుసార్లు ఎక్కాక ఈ మనిషి ఏమీ చేయడని తెలుసుకుంటుంది. మా ఇంట్లో అన్నీ అలా మచ్చికైనవే.

కొర్రకంకి
బాబాయిగారూ, ఫ్యాన్ విషయంలో మీతో వాదన లేదు. కానీ ఈయన అడిగింది భయం సంగతి. భయపడ్డ పక్షి చేసే మొదటి పని ఎగిరిపోవడం. రెక్కలు తీసేస్తే ఆ దారి మూసుకుపోతుంది, భయం అక్కడే ఉంటుంది. ఇక మిగిలేవి కరవడం, లేదా బిగుసుకుపోయి కూర్చోవడం. బిగుసుకున్న పక్షిని చూసి మనం "భలే మచ్చికైంది" అని వీడియో తీస్తాం. 1967లో అమెరికాలో సెలిగ్‌మన్, మేయర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కుక్కల మీద ప్రయోగాలు చేశారు. తప్పించుకునే వీలు లేకుండా షాకులు తిన్న కుక్కల్లో చాలావి తర్వాత తప్పించుకునే దారి ఉన్నా కదల్లేదు. వేలెక్కిన పక్షి కూడా ఒక్కోసారి అలా ఆశ వదులుకున్నదే అయ్యుంటుంది.

మారతహళ్ళి అన్నా, పంజరం ఎక్కడ పెట్టారో చెప్పలేదు. ఒక పక్కన గోడ ఉండాలి. నాలుగు వైపులా ఖాళీ అయితే అది ఎటు చూసుకుంటుంది? కిటికీకి ఎదురుగా వద్దు, మన బెంగళూరులో గద్దలు ఎలా తిరుగుతాయో మీకు తెలుసు. వంటింట్లో అసలే వద్దు. నాన్‌స్టిక్ పెనం బాగా మాడినప్పుడు వచ్చే ఆవిరికి చిన్న పక్షులు నిమిషాల్లో పోతాయి, మనకి వాసన కూడా తెలియకపోవచ్చు.

తర్వాత చేయాల్సింది, దాని జోలికి పోకపోవడం. ల్యాప్‌టాప్ తెచ్చుకుని కాస్త దూరంలో, పక్కకి తిరిగి కూర్చోండి. ఎదురుగా నిలబడి తేరిపార చూస్తే దాని లెక్కలో మీరు వేటకి వచ్చినట్టే. వర్క్ ఫ్రమ్ హోమ్ ఉంటే మరీ మంచిది, మీ మీటింగులన్నీ అదే వింటుంది, మీ గొంతు అలవాటవుతుంది. మీరు గదిలో ఉండగా తల వంచి గింజలు తినడం మొదలెట్టిందంటే సగం పని అయినట్టే. భయం ఉన్నంతసేపు పక్షి తల వంచదు.

అప్పుడు కొర్ర కంకి. షాపుల్లో స్ప్రే మిల్లెట్ అని ప్యాకెట్లో అమ్మేది అదే. పొడవాటిది తీసుకుని ఒక కొస మీరు పట్టుకోండి, రెండో కొస ఊచల మధ్య పెట్టండి, చెయ్యి కదపొద్దు. మొదట చూసీచూడనట్టు ఉంటుంది. తర్వాత కాళ్లు కర్రమీదే ఉంచి మెడ ఒక్కటే సాగదీస్తుంది, ఒక్క గింజ లాక్కుని మూలకి పారిపోతుంది. పారిపోనివ్వండి. పారిపోయినా ఎవరూ వెంటపడరని దానికి తెలియడమే కావలసింది. రోజులు గడిచే కొద్దీ కంకి పొట్టి చేస్తూ పోతే ముక్కు మీ వేళ్ల దాకా వస్తుంది.

బుస కొడితే చెయ్యి వెనక్కి తీయండి. "అలా తీస్తే నెత్తికెక్కుతుంది" అనేవాళ్లున్నారు. నా అనుభవం తిరగేసి ఉంది: బుస కొడితే పని జరుగుతుందని తెలిసిన పక్షికి కరవాల్సిన అవసరం రాదు. కుచ్చు చూస్తుండండి. నిటారుగా లేస్తే ఉలిక్కిపడినట్టు, తలకి అతుక్కుపోయి నోరు తెరిస్తే దగ్గరికి రావద్దని, సగం వాలి ఉంటే ఫరవాలేదు. రాత్రి నిద్రపోయే ముందు ముక్కు కరకరలాడిస్తే ఆ పూటకి మీరు గెలిచినట్టు.

ఆకలితో మాడిస్తే దారికొస్తుందని కూడా ఎవరో ఒకరు చెబుతారు. వినకండి. అంత చిన్న ఒంటికి పస్తు తట్టుకునే శక్తి ఉండదు.

హెబ్బాళ_వెటర్నరీ_విద్యార్థి
కత్తిరించాలా వద్దా అంటే మా సార్లలోనే రెండు పార్టీలున్నాయి, నేను తల దూర్చను. కానీ కొన్ని సంగతులు చెప్పాలి.

పక్షులకి మనలా డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండి ఊపిరి ఆడించే కండరం) ఉండదు. రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే ఊపిరి ఆడుతుంది. ఛాతీ చుట్టూ గుప్పిట బిగించి "మచ్చిక" చేసేవాళ్లు దాని ఊపిరి ఆపుతున్నారు. కత్తిరించేటప్పుడు కూడా ఇదే ప్రమాదం. ఇక కొత్తగా మొలుస్తున్న ఈకలో రక్తం ఉంటుంది, కాడ ముదురు రంగులో కనిపిస్తుంది. అది తెగితే తొంభై గ్రాముల పక్షికి మాటలు కాదు. ఒక్క రెక్కే కత్తిరించే అలవాటు మరీ చెడ్డది, తూకం తప్పి రొమ్ము నేలకి కొట్టుకుంటుంది. చేయించుకునేవాళ్లు డాక్టరు చేతే చేయించుకోండి.

మరొకటి, పక్షులు జబ్బుని బయటపడనివ్వవు. ఈకలు ఉబ్బించుకుని పగలంతా కునుకుతున్నా, ఊపిరి తీసినప్పుడల్లా తోక ఊగుతున్నా అది పిరికితనం అనుకోవద్దు. వెంటనే చూపించండి.

పెరంబూరు_బాబాయి
షాకు తిన్న కుక్కలకీ నాలుగు ఈకలు పోయిన పిట్టకీ పోలికేమిటమ్మా కొర్రకంకీ? బడ్జీలని జాన్ గూల్డ్ అనే పక్షిశాస్త్రవేత్త ఇంగ్లండుకి పట్టుకొచ్చింది 1840లో. అప్పటి నుంచీ తరతరాలుగా పంజరాల్లోనే పుట్టి పెరుగుతున్నాయి. కాకటీల్ కథా దాదాపు అంతే. అడవి పక్షి హక్కుల గురించి మాట్లాడినట్టు మాట్లాడకు.

నువ్వు చెప్పే ఓపిక అందరికీ ఉండదు. ఓపిక అయిపోయిన మనిషి ఏం చేస్తాడో చెప్పనా? పంజరం తీసుకెళ్లి బాల్కనీలో పెడతాడు. పొద్దున గింజలు, నీళ్లు, అంతే. అలాంటి పంజరాలు ఎన్ని చూశానో. రెక్కలు కత్తిరించి ఇల్లంతా తిరిగే పక్షి మేలా, నిండు రెక్కలతో చచ్చేదాకా అడుగున్నర పంజరంలో మగ్గే పక్షి మేలా?

ఇందిరానగర్_ఇరుగుపొరుగు
గొడవెందుకు, ఇంకో కాకటీల్‌ని తెచ్చి జత చేస్తే దాని భయం అదే పోతుంది కదా? పనిలో పని, మా అత్తగారింట్లో రామచిలుక ఉంది, దానికీ ఈ కంకి పద్ధతి పనిచేస్తుందా?

కొర్రకంకి
ముందు రామచిలుక. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం అన్నీ నేరమే. జాతకం చెప్పేవాళ్ల చిలుకలకీ అదే చట్టం. అలాగని మీరే తలుపు తీసి వదిలేయకండి, ఇన్నేళ్లు పంజరంలో ఉన్నది బయట బతకలేకపోవచ్చు. అటవీశాఖ వాళ్లకి ఫోన్ చేయండి. కాకటీల్, బడ్జీ ఆస్ట్రేలియావి కాబట్టి ఆ గొడవ లేదు.

రెండో పక్షి ఆలోచన చెడ్డదేమీ కాదు, పక్షికి తోడు మంచిదే. కాకపోతే ఇది మీకు మచ్చిక కాకముందే తెస్తే అవి రెండూ ఒక పార్టీ, మీరు ప్రతిపక్షం.

బాబాయిగారూ, బాల్కనీ పంజరాల మాట మాత్రం గుచ్చుకుంది, నేనూ చాలా చూశాను. వాటికన్నా మీ ఇంటి పక్షుల బతుకే నయం, ఒప్పుకుంటాను. కానీ కత్తిరించాం కదా అన్న ధీమాతోనే జనం భుజం మీద పెట్టుకుని బాల్కనీలోకి వస్తారు. కాకటీల్ తేలికైన ఒళ్లు, గాలి వీచిందంటే కత్తిరించినా లేస్తుంది. లేచి పోతుంది గానీ తిప్పుకుని వెనక్కి రాలేదు. ఆ తర్వాత కాకులు చూసుకుంటాయి.

కర్టెన్ రాడ్‌కి జవాబు: చేతిలో కంకి తినే దాకా బయటికి వదలొద్దు. పంజరంలో ఉండగానే ఐస్‌క్రీమ్ పుల్ల చూపించి, దాన్ని ముక్కుతో తాకితే ఒక గింజ ఇవ్వడం అలవాటు చేయండి. పుల్ల ఎటు జరిగితే అటు నడుస్తుంది. ఇది వచ్చాక రాడ్ ఎక్కినా పుల్ల చూపిస్తే దిగుతుంది. దిగకపోతే వదిలేయండి, సాయంత్రం తిండి పంజరంలోనే పెట్టండి, ఆకలేసి అదే వస్తుంది. తువ్వాలు మాత్రం ముట్టుకోకండి.

మారతహళ్ళి_మూడో_అంతస్తు
అందరికీ థ్యాంక్స్. పంజరం హాల్లో కిటికీ పక్కనే ఉండేది, నిన్న లోపలి గదిలో గోడ మూలకి మార్చాం. ఇప్పుడప్పుడే కత్తిరించడం లేదు. దీపావళి దాకా కంకి పద్ధతి చూస్తాను. అప్పటికీ చేతికి రాకపోతే బాబాయిగారి మాట మళ్లీ ఆలోచిస్తాను, అదీ డాక్టరు దగ్గరే. ఈ మాట మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

ఒక సందేహం. అర్ధరాత్రి ఉన్నట్టుండి పంజరంలో టపటపా కొట్టుకుంటోంది. లైటు వేస్తే ఆగుతుంది. ఇదేమిటి?

కొర్రకంకి
కాకటీల్స్‌కి అది మామూలే. చీకట్లో ఏదో చప్పుడుకి ఉలిక్కిపడి, దారి కనపడక ఊచలకి కొట్టుకుంటాయి. చిన్న బెడ్‌లైట్ వేసి ఉంచండి. దీపావళికి గడువు పెట్టారు గానీ, ఆ వారంలో దాన్ని పరీక్షించకండి. టపాకాయల మోతకి మచ్చికైనవే బెదిరిపోతాయి. కిటికీలు మూసి, లైటు ఉంచి, మీరు ఆ గదిలోనే ఉండండి.

పెరంబూరు_బాబాయి
నా అభిప్రాయం మారలేదు. దీపావళి తర్వాత మాట్లాడుకుందాం. అందాకా ఆ గది ఫ్యాన్ స్విచ్ ఆపి, దాని మీద టేపు అతికించండి. గోడకున్న స్విచ్చే, రెగ్యులేటర్ కాదు. ఇంటికొచ్చిన చుట్టాలు అలవాటుగా నొక్కేస్తారు.