ఫుల్ లోడులో ఎక్కుడు మీద ఇంజిన్ ఆగిపోతోంది, ఇరవై నిమిషాలకు మళ్లీ స్టార్ట్ అవుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

పీణ్య లోడు

అన్నలందరికీ నమస్కారం. బీఎస్-4 లారీ, ఆరు సిలిండర్ల కామన్ రైల్ ఇంజిన్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే రైల్ పైపు నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందే రకం), 24 వోల్ట్. బెంగళూరు పీణ్య నుంచి చెన్నై లైను. ఖాళీగా వెళ్లినా, సగం లోడుతో వెళ్లినా ఏ ఇబ్బందీ లేదు. చెన్నై నుంచి ఫుల్ లోడుతో తిరిగి వచ్చేటప్పుడు కృష్ణగిరి దాటి శూలగిరి వైపు ఎక్కేచోట ఇంజిన్ ఆగిపోతోంది. వెంటనే సెల్ఫ్ కొడితే తిరుగుతుంది గానీ అందుకోదు. ఇరవై నిమిషాలు ఆగితే మామూలుగా స్టార్ట్ అయి, ఇంకో గంట బాగానే నడుస్తుంది.

డీజిల్ ఫిల్టర్ కొత్తది వేశాం, తేడా లేదు. ఒక మెకానిక్ క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరిగే వేగం చెప్పేది) పోయింది అంటున్నాడు. ఇంకొకాయన హై ప్రెషర్ పంపు దించాలంటున్నాడు. పంపు దించితే ఖర్చు మామూలుగా ఉండదు. దేని తర్వాత ఏది చూడాలో చెప్పండి.

నాజిల్ బెంచ్

పంపు మీద ఇప్పుడే ఎవరినీ చెయ్యి వేయనివ్వకండి. సెన్సర్ కూడా కొనకండి.

'వేడికి ఆగింది, చల్లారాక స్టార్ట్ అయింది, కాబట్టి సెన్సర్' అని చాలామంది తేల్చేస్తారు. ఇదే లక్షణం ఇంకో రెండు చోట్ల నుంచి కూడా వస్తుంది. ఒకటి, ట్యాంకులో చెత్త. ఇంజిన్ లాగుతున్నంతసేపూ అది సక్షన్ పైపు జల్లెడకు అతుక్కుని ఉంటుంది, ఇంజిన్ ఆగగానే లాగే బలం పోయి మెల్లగా రాలిపోతుంది. రెండు, ట్యాంకు మూత గాలి రంధ్రం మూసుకుపోవడం. డీజిల్ తగ్గేకొద్దీ లోపల వ్యాక్యూమ్ పెరిగి పంపు లాగలేకపోతుంది, బండి నిలిపి ఉంచితే ఆ సందూ ఈ సందూ నుంచి గాలి చేరి సర్దుకుంటుంది. మూడింటికీ ఇరవై నిమిషాల విరామమే మందులా కనిపిస్తుంది, అందుకే విరామాన్ని బట్టి ఏదీ తేల్చలేం.

తేల్చేది ఇంజిన్ ఎలా ఆగింది అన్నదే. ఈసారి ఆగినప్పుడు డ్రైవర్‌ను వెంటనే క్లచ్ తొక్కొద్దనండి. అయితే రోడ్డు ఖాళీగా ఉండి, వెనక ఎవరూ లేనప్పుడే. గేరులో ఉన్నంతవరకు చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి. అప్పుడు మీటర్ చూడాలి:

- బండి ఇంకా కదులుతుండగానే ఆర్పీఎం ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోయిందా? ఇంజిన్ తిరుగుతున్నా ఈసీయూకు (ఇంజిన్ కంప్యూటర్‌కు) ఆ సంగతి తెలియడం లేదు. క్రాంక్ సెన్సర్, దాని వైరు, లేదా ఈసీయూ కరెంటు.
- ముల్లు బండి వేగంతో పాటు నెమ్మదిగా దిగిందా? ఆగేముందు పికప్ పోయి, కుదుపులు వచ్చి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కినా లాగలేదా? డీజిల్ అందడం లేదు.

ముల్లు నెమ్మదిగా దిగితే చేయాల్సిన పని చెప్తాను. ఆగిన వెంటనే సెల్ఫ్ కొట్టకుండా ముందు ట్యాంకు మూత విప్పండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, ఆ వెంటనే బండి స్టార్ట్ అయితే మూతే దోషి. శబ్దం లేకపోతే ప్రీ-ఫిల్టర్ (ట్యాంకు తర్వాత వచ్చే మొదటి ఫిల్టర్) మీద ఉన్న హ్యాండ్ ప్రైమర్, అంటే చేత్తో డీజిల్ ఎక్కించే చిన్న పంపు, కొట్టి చూడండి. రెండు మూడు దెబ్బల్లోనే గట్టిపడితే లైను నిండుగా ఉంది. ఎంత కొట్టినా మెత్తగానే ఉంటే గాలి లాగుతోంది. పైకి లాగేటప్పుడు బిగదీసి, వదిలినా పైకి రాకపోతే వెనక ట్యాంకు వైపు ఎక్కడో అడ్డు ఉంది.

గాలి విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (ట్యాంకులోని డీజిల్‌ను లాగి హై ప్రెషర్ పంపుకు అందించేది) దాకా ఉన్న లైనులో లాగుడే ఉంటుంది, తోపుడు ఉండదు. కాబట్టి అక్కడ లీకు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. పైకి పొడిగా ఉంది కదా అని ఆ జాయింట్లను వదిలేయొద్దు. ఫీడ్ పంపు ముందు ఒక మూర పారదర్శక గొట్టం వేసి 1,500 ఆర్పీఎం దగ్గర బుడగలు చూడండి. కనిపిస్తే బాంజో బోల్టుల (డీజిల్ పైపు చివర్లను బిగించే బోలు బోల్టుల) కాపర్ వాషర్లు ముందు మార్చండి. విప్పిన వాషర్‌నే మళ్లీ బిగించడం ఈ రోగానికి చాలా పాత కారణం.

24 వోల్ట్

పై మాటతో ఏకీభవిస్తాను. ముల్లు ఒక్కసారిగా పడితే మాత్రం ఇంకో చూపు కావాలి: ముల్లుతో పాటు ఏమేం పడ్డాయి? ఆర్పీఎం ఒక్కటే పోయి, టెంపరేచర్, ఆయిల్ ప్రెషర్ ముల్లులు అలాగే ఉంటే సెన్సర్ వైపు వెళ్లండి. అన్నీ కలిసి పోయాయంటే ఈసీయూకు కరెంటే అందలేదు. సెన్సర్ మార్చి లాభం లేదు.

క్రాంక్ సెన్సర్ రెండు వైర్ల ఇండక్టివ్ రకమైతే మల్టీమీటర్‌తో చూడొచ్చు. చాలా వాటికి చల్లగా ఉన్నప్పుడు 860 ఓంల దరిదాపుల్లో ఉంటుంది, మీ ఇంజిన్ మాన్యువల్‌తో సరిచూసుకోండి. అదే సెన్సర్ 90 డిగ్రీల వేడిలో 1,100 దాకా పెరుగుతుంది. అది రాగి తీగ గుణం, లోపం కాదు. వేడికి మీటర్ ఓపెన్ చూపిస్తేనే లోపల తీగ తెగినట్టు. హీట్ గన్‌తో మెల్లగా వేడి చేస్తూ చూడండి, రోడ్డు మీద పట్టుబడని లోపం బెంచి మీద దొరుకుతుంది. మూడు వైర్ల హాల్ రకానికి ఓం పెట్టొద్దు. దానికి సప్లై, ఎర్త్, సిగ్నల్ విడివిడిగా చూడాలి. సెన్సర్ విప్పినప్పుడు కొనకు ఇనుప పొడి అంటుకుని ఉందేమో చూసి తుడవండి.

ఈసీయూ కరెంటు వైపు అనుమానముంటే వోల్టేజీ డ్రాప్ (వైరులో, జాయింట్లలో పోయే వోల్టేజీ) కొలవండి. ఇంజిన్ నడుస్తూ, హెడ్‌లైట్లు వేసి, బ్యాటరీ నెగెటివ్ నుంచి ఇంజిన్ బ్లాకుకు 0.2 వోల్ట్ లోపు ఉండాలి. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఈసీయూ సప్లై పిన్నుకు 0.5 దాటకూడదు. దాటితే బ్యాటరీ పెట్టె దగ్గర ఫ్యూజు కాళ్లు, రింగు టెర్మినళ్లు విప్పి చూడండి. పైన ఇన్సులేషన్ బాగానే ఉండి లోపల రాగి పచ్చగా పొడి రాలిపోతుంటుంది. ఇంకో చోటు క్యాబిన్ మడత. క్యాబిన్ లేపి దించే ప్రతిసారీ హార్నెస్ అక్కడే వంగుతుంది. ఐడిల్‌లో ఉంచి జానెడు జానెడుగా వైరింగ్ పట్టుకుని కదపండి. ఎక్కడ కదిపితే ఇంజిన్ తడబడుతుందో అక్కడే టేపు విప్పండి.

స్కానర్ లేకుండా ఇదంతా చేయొచ్చు, ఉంటే పని తొందరగా తెములుతుంది. 12 వోల్ట్ కార్ల కోసం చేసిన చవక అడాప్టర్ మాత్రం 24 వోల్ట్ బండికి పెట్టొద్దు.

హోసూరు రోడ్డు

ఈ చర్చను పాత బండ్లవాళ్లు కూడా చదువుతారు కాబట్టి ఒక మాట. ఇన్‌లైన్ పంపు ఉన్న పాత ఇంజిన్లలో, కరెంటు ఉన్నంతవరకే డీజిల్ వదిలే స్టాప్ సొలినాయిడ్ ఉంటే దాన్ని ముందు చూడండి. దానికి టెస్ట్ ల్యాంపు కట్టి క్యాబిన్‌లోకి తెచ్చుకోండి. ఇంజిన్ ఆగిన క్షణంలో ల్యాంపు కూడా ఆరిపోతే ఇగ్నిషన్ స్విచ్చి, ఫ్యూజు, వైరు చూసుకోవాలి. ల్యాంపు వెలుగుతూనే ఇంజిన్ ఆగితే డీజిల్ వైపో, సొలినాయిడ్ లోపలో వెతకాలి.

పీణ్య లోడు అన్నా, డ్రైవర్‌కు ఇది కూడా చెప్పండి. ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది, కంప్రెసర్ కూడా ఆగుతుంది. ఎయిర్ ట్యాంకులో మిగిలిన గాలే బ్రేకుకు ఆధారం, కాబట్టి బ్రేకు పంపు చేయకుండా ఒక్కసారి నిలకడగా నొక్కి పక్కకు తీసి, పార్కింగ్ బ్రేకు వేసి, చక్రానికి అడ్డు పెట్టాలి. ఎక్కుడులో న్యూట్రల్ చేసి మళ్లీ స్టార్ట్ చేయాలని చూడకూడదు.

పీణ్య లోడు

ముల్లు నెమ్మదిగానే దిగింది. ఆగేముందు పికప్ పోయి మూడు నాలుగు కుదుపులు. మిగతా ముల్లులు మామూలే. మూత విప్పితే శబ్దం లేదు, తేడా లేదు. ప్రైమర్ బిగదీస్తోంది, పైకి రావడం కష్టంగా ఉంది. స్కానర్‌లో ఎస్‌పీఎన్ 157, ఎఫ్‌ఎంఐ 18 అని (ఏ భాగం, ఏ రకం లోపం అని చెప్పే నంబర్లు) ఒకే కోడ్ ఉంది. ఇది చూసి పంపు దించాల్సిందే అని మళ్లీ అంటున్నారు. డీజిల్ బెంగళూరులోనే పోయించుకుంటాం కాబట్టి తిరిగొచ్చేటప్పటికి ట్యాంకు సగానికి కింద ఉంటుంది. రైల్ పైపు నట్టు వదులు చేసి ఎయిర్ తీయనా?

నాజిల్ బెంచ్

వద్దు. రైల్ నుంచి ఇంజెక్టర్‌కు వెళ్లే పైపుల మీద స్పానర్ పెట్టొద్దు. పాత పంపులకు నట్టు వదులు చేసి ఎయిర్ తీసే అలవాటు ఇక్కడ ప్రాణం మీదికి తెస్తుంది. ఇంజిన్ నడుస్తుంటే అందులో ఒత్తిడి వెయ్యి బార్ కూడా దాటొచ్చు, ఆ చిమ్ముకు చర్మం చిల్లి పడి డీజిల్ లోపలికి పోతుంది. ఎయిర్ తీయడమంతా ఫిల్టర్ బ్లీడ్ స్క్రూ దగ్గర, ప్రైమర్‌తోనే.

ఆ కోడ్ అర్థం రైల్ ప్రెషర్ ఉండాల్సిన దానికంటే తక్కువగా ఉందని. పంపు పాడైందని అది చెప్పదు. డీజిల్ అందని పంపు కూడా అదే కోడ్ ఇస్తుంది. మీ ప్రైమర్ బిగదీయడం చూస్తే అడ్డు పంపుకు ముందే ఉంది.

నిర్ధారణకు క్యాను పరీక్ష చేయండి. శుభ్రమైన 20 లీటర్ల క్యానులో వడపోసిన డీజిల్ పోసి, క్యాబిన్ బయట, ట్యాంకు ఎత్తులోనే గట్టిగా కట్టండి. పైన పెడితే డీజిల్ దానంతటదే దిగి పరీక్ష తప్పుతుంది. ప్రీ-ఫిల్టర్‌కు వెళ్లే గొట్టాన్నీ, మిగిలిన డీజిల్‌ను ట్యాంకుకు తిరిగి తెచ్చే రిటర్న్ గొట్టాన్నీ రెండింటినీ క్యానులోకి మార్చాలి. రిటర్న్ మరిచిపోతే క్యాను చూస్తుండగానే ఖాళీ అవుతుంది. అదే లోడుతో ఒక ఎక్కుడు ఎక్కించండి. బాగా లాగితే పంపు, ఇంజెక్టర్లు, మెయిన్ ఫిల్టర్ జోలికి పోనక్కర్లేదు. క్యానుతో కూడా ఆగితే అప్పుడు ప్రీ-ఫిల్టర్, ఫీడ్ పంపు, ఆ తర్వాత ఇంజెక్టర్ల రిటర్న్ కొలత. ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్‌ను ఒక్కో సీసాలో పట్టి, ఐడిల్‌లో ఒక నిమిషం నడిపి, మిగతావాటికి రెట్టింపు వచ్చినదాన్ని అనుమానించండి.

క్యానుతో బాగా నడిస్తే ట్యాంకు సక్షన్ పైపు పైకి తీయండి. జల్లెడను చేతిలోకి తీసుకుని చూడండి: నల్లని జిగురు పొరలా పట్టి ఉంటే ట్యాంకు అడుగున నీళ్లు నిలిచి, అందులో బూజు పెరిగింది. పైపు పొడవునా చీలిక, తుప్పు చిల్లి కూడా వెతకండి. చిల్లి పైభాగంలో ఉంటే ట్యాంకు నిండుగా ఉన్నంతవరకు ఏమీ తెలియదు, డీజిల్ దానికంటే దిగగానే గాలి లాగుతుంది. మీ ప్రైమర్ బిగుతు చిల్లి కంటే అడ్డునే చూపిస్తోంది, అయినా పైపు చేతిలో ఉండగా చూడటానికి ఖర్చేం లేదు. రబ్బరు గొట్టాన్ని రెండు చివర్లా వెలుతురుకు పెట్టి లోపలికి చూడండి. లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతుంటే బయట నుంచి కనిపించదు, లాగుడు పెరిగినప్పుడే దారి మూసేస్తుంది. ఫుల్ లోడులో మాత్రమే ఆగడానికి ఇదీ సరిపోయే కారణమే. గొట్టం బెంగళూరు జేసీ రోడ్డులో కొనేటప్పుడు డీజిల్ సక్షన్‌కు అని అడిగి, అంతే లోపలి వ్యాసంతో తీసుకోండి. నీళ్ల గొట్టం పనికిరాదు.

తీసేసిన పాత ఫిల్టర్ ఇంకా ఉంటే హ్యాక్సా బ్లేడుతో కోసి కాగితం ఎండలో పరవండి. నల్ల జిగురైతే ట్యాంకు శుభ్రం చేస్తే సరి. వెండి పొడిలా మెరుపు కనిపిస్తే మాత్రం మీ మెకానిక్ మాట నిజమే, పంపు అరుగుతోంది, రైల్, ఇంజెక్టర్లు కూడా చూడాలి.

24 వోల్ట్

ట్యాంకు కడిగేటప్పుడు అడుగు డ్రెయిన్ బోల్టు తీసి మొత్తం దించండి, పైనుంచి తోడితే నీళ్లు అడుగునే ఉంటాయి. కొత్త మెయిన్ ఫిల్టర్‌లోకి డీజిల్ నేరుగా పోయొద్దు, వడకట్టని డీజిల్ తిన్నగా పంపులోకి పోతుంది. ఖాళీగా బిగించి ప్రైమర్‌తో నింపండి. సెల్ఫ్ ఒక్కసారికి 30 సెకన్లు మించకుండా, మధ్యలో రెండు నిమిషాలు విరామం ఇవ్వండి.

నాజిల్ బెంచ్

అవును. కడిగాక కూడా గోడలకు పట్టిన జిగురు కొంత ఊడి వస్తుంది కాబట్టి మొదటి ప్రీ-ఫిల్టర్ తొందరగానే నిండుతుంది. కొన్నాళ్లు రోజూ ఉదయం ఇంజిన్ స్టార్ట్ చేయకముందే నీళ్లను వేరుచేసే సెపరేటర్ అడుగు నుంచి గాజు సీసాలోకి కాస్త దించి చూడండి, నీళ్ల గీత కనిపిస్తే శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదలండి. చెన్నై వెళ్లేటప్పుడు క్యాబిన్‌లో ఒక ప్రీ-ఫిల్టర్, స్ట్రాప్ రెంచి, నాలుగు కాపర్ వాషర్లు పెట్టుకోండి.