ఎస్టీమ్‌కు సొంత టర్బో కిట్: ఐడిల్‌లో వైడ్‌బ్యాండ్ లీన్ అంటది, సైలెన్సర్ మాత్రం నల్లపొగ కొడుతది

నల్లగొండ_ఎస్టీమ్:

అన్నలందరికీ నమస్తే. బండి మారుతి ఎస్టీమ్, 16 వాల్వుల జీ13బీబీ ఇంజన్, 1298 సీసీ. రోడ్డు మీద తిప్పేటందుకు కాదు, ఆటోక్రాస్ కోసం కడుతున్నం.

ఇప్పటికి బిగించినవి ఇవి. మ్యానిఫోల్డ్ ఇక్కడే వెల్డింగ్ చేయించినం: ఇంచుంబావు వ్యాసం పైపు, హెడ్డు వైపు 10 ఎంఎం ఫ్లాంజ్. టర్బో 1.3 డీజిల్ బండిది, స్క్రాప్‌లో దొరికింది, వేస్ట్‌గేట్ (బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, హద్దు దాటకుండ పొగను పక్కకు వదిలే మూత) 0.4 బార్ దగ్గర తెరుచుకుంటది. ముందు బంపర్ వెనుక ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది). ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) మనమే ట్యూన్ చేసుకునే స్పీడుయినో, 3 బార్ మ్యాప్ సెన్సర్ (ఇన్‌టేక్ గాలి ఒత్తిడి చూసేది), 280 సీసీ ఇంజెక్టర్లు. బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 వైడ్‌బ్యాండ్ (పొగల ఆక్సిజన్ చూసే సెన్సర్) టర్బో దాటినంక 70 సెంటీమీటర్ల దూరంల డౌన్‌పైపు మీద ఉన్నది. పాత నాలుగు వైర్ల ఆక్సిజన్ సెన్సర్‌ను కూడ తియ్యలే, మ్యానిఫోల్డ్‌ల ఒకటో సిలిండర్ పైపుకు పెట్టినం. ప్లగ్గులు పాతవే, గ్యాప్ 1.1 ఎంఎం.

సమస్య ఏందంటే, ఐడిల్‌ల లాంబ్డా 1.18 చూపించింది (1.0 అంటే గాలి, పెట్రోల్ సరిసమానం; ఎక్కువుంటే లీన్, అంటే పెట్రోల్ తక్కువ; తక్కువుంటే రిచ్, అంటే పెట్రోల్ ఎక్కువ). లీన్ ఉందనుకొని ఈసీయూల ఇంధనం టేబుల్ మొత్తం 20 శాతం పెంచినం. ఇప్పుడు ఐడిల్‌ల 1.0 చూపిస్తది గని నల్లపొగ, ప్లగ్గుల మీద మసి. 3000 ఆర్పీఎంల తేలికగా తొక్కితే 0.88. 0.4 బార్ బూస్ట్‌ల 0.72 దాకా పోతది, 4500 దగ్గర జర్క్ ఇచ్చి ఒక్కసారే 1.1 అంటది. అదే టైముల పాత సెన్సర్ 0.88 వోల్టుల దగ్గర కదలకుండ ఉంటది. ఒకటి రిచ్ అంటది, ఒకటి లీన్ అంటది. వైడ్‌బ్యాండ్ పోయిందా? దాన్ని టర్బోకు ముందు పెట్టాలెనా? రెండు సెన్సర్లు అవసరమా?


పాలమూరు_లాంబ్డా:

తమ్మీ, సెన్సర్ పోలేదు. నువ్వు రాసిన అంకెలల్లనే జవాబు ఉన్నది. ఇంకా ఇంధనం పెంచుడు ఆపు, ముందుగాల ఆ 20 శాతం వెనక్కి తీసెయ్.

వైడ్‌బ్యాండ్ పెట్రోల్‌ను కొలవదు, పొగల మిగిలిన ఆక్సిజన్‌ను చూసి లెక్క కడుతది. అందుకే బయటిగాలి ఎక్కడ్నుంచి చొరబడ్డా దానికి లీన్‌గనే కనిపిస్తది. ఐడిల్‌ల ఎగ్జాస్ట్ ఒకే ధారగ పోదు, దెబ్బదెబ్బకు పోతది. రెండు దెబ్బల నడుమ పైపుల ఒత్తిడి బయటి గాలికన్న తగ్గుతది, ఫ్లాంజ్ దగ్గర సన్నటి సందున్నా గాలిని లోపలికి గుంజుతది. తేలికగ తొక్కినప్పుడు ఆ ప్రభావం తక్కువ, బూస్ట్‌ల అసలే ఉండది, ఎందుకంటే అప్పుడు టర్బో ముందర ఒత్తిడి పెరిగి లీకు బయటికే కొడుతది. నీ బండి అచ్చం ఇదే చెప్తున్నది: ఐడిల్‌ల లీన్, నడిచేటప్పుడు రిచ్, బూస్ట్‌ల మరీ రిచ్. బూస్ట్‌ల చూపిన 0.72 నిజం, ఐడిల్‌ల 1.18 అబద్ధం. అబద్ధపు అంకెను పట్టుకొని టేబుల్ అంతా మార్చినవు, అందుకే ఈ మసి.

ఇగ 4500 దగ్గర 1.1 సంగతి. అది లీన్ కాదు, మిస్సింగ్. మంట పట్టకపోతే ఆ సిలిండర్‌ల గాలి, పెట్రోల్ రెండూ కాలకుండ బయటికి వస్తయ్. సెన్సర్ ఆ కాలని ఆక్సిజన్‌ను చూసి లీన్ అంటది. బూస్ట్‌ల సిలిండర్ ఒత్తిడి పెరిగినప్పుడు 1.1 ఎంఎం గ్యాప్‌ను దూకేటందుకు కాయిల్‌కు శక్తి చాలదు, మీదికెళ్లి 0.72 మిశ్రమం. గ్యాప్ 0.65 ఎంఎం చెయ్, ప్లగ్ ఒక నంబర్ చల్లటిది వెయ్. ఎన్‌జీకేల అంకె పెరిగితే చల్లటిది: 5 ఉంటే 6 తీసుకో. జర్క్ వచ్చినప్పుడు స్క్రీన్ మీద లీన్ చూసి ఇంధనం పెంచితే మిస్సింగ్ ఇంకా ఎక్కువైతది. ఈ వలల శానమంది పడ్తరు.

పాత సెన్సర్ ఎందుకు కదల్లేదంటే, అది ఒకటో సిలిండర్ పొగనే చూస్తది. మిస్సింగ్ వేరే సిలిండర్‌ల ఉంటే దానికి తెల్వది. పైగా అది నారోబ్యాండ్. లాంబ్డా 1.0 దగ్గర 0.45 వోల్టుల మీద అటో ఇటో పడే స్విచ్ అది, అంతే. 0.95కూ 0.75కూ నడుమ దాని వోల్టేజి కొంచెమే కదులుతది, ఆ కొంచెం కూడ వేడిని బట్టి మారుతది. బూస్ట్ ట్యూనింగ్‌కు అది పనికిరాదు. స్పీడుయినో ఒక్కటే ఇంజన్‌ను నడుపుతుంటే దాన్ని తీసి ఆ రంధ్రం మూసెయ్. మ్యానిఫోల్డ్ మీద ఒక అతుకు తగ్గితే ఒక లీకు తగ్గినట్టే.

వైడ్‌బ్యాండ్‌ను టర్బో ముందరికి మాత్రం తేవద్దు. అక్కడి ఒత్తిడికి రీడింగ్ తప్పైతది, వేడికి సెన్సర్ కాలిపోతది. ఎల్‌ఎస్‌యూ 4.9 తట్టుకునే పొగ వేడి సుమారు 930 డిగ్రీలు. ఇప్పుడున్న 70 సెంటీమీటర్లు సరైన చోటే. వాలు ఒక్కటి చూసుకో: సెన్సర్ తల అడ్డపు గీతకన్న కనీసం 10 డిగ్రీలు పైకి ఉండాలె, గడియారంల 10కీ 2కీ నడుమ ఎక్కడన్నా సరే. పైపు కిందివైపు పెడితే పొద్దున స్టార్ట్ చేసినప్పుడు పైపుల నీళ్లు వేడి సెరామిక్ మీద పడి పగులుతది. బాస్ (సెన్సర్ బిగించేటందుకు పైపుకు వెల్డింగ్ చేసిన నట్టు) దారం ఎం18×1.5, బిగువు 40 నుంచి 60 న్యూటన్ మీటర్లు, యాంటీసీజ్ (దారాలు పట్టుకపోకుండ పూసే పేస్టు) దారాలకే పుయ్యి, మొనకు అంటనియ్యకు. కంట్రోలర్‌కు కరెంటు ఇవ్వకుండ సెన్సర్‌ను పైపుల ఉంచి ఇంజన్ నడపొద్దు. హీటర్ ఆఫ్ ఉంటే మసి పట్టి చస్తది. పొడుగు సరిపోలేదని కనెక్టర్ కోసి వైర్లు అతకొద్దు. ఆ కనెక్టర్ల ఆ సెన్సర్‌కే సరిచేసిన రెసిస్టర్ ఉంటది.

ఎర్త్ కూడ ఒకసారి చూడు. హీటర్ ఎర్త్ నేరుగ ఇంజన్ బ్లాకుకు పోవాలె, సిగ్నల్ ఎర్త్ ఈసీయూ సెన్సర్ ఎర్త్‌కు పోవాలె. రెండూ ఒకే సన్న వైరు మీద ఉంటే 0.1 వోల్టు తేడా వస్తది. 0 వోల్టు అంటే 0.68, 5 వోల్టులంటే 1.36 అనే స్కేల్ మీద అది 0.014 లాంబ్డా. చిన్నగనే కనిపిస్తది గని హీటర్ కొట్టుకున్నప్పుడల్లా మారుతది, దాని వెంటబడి టేబుల్ దిద్దుకుంట కూసుంటవు. కంట్రోలర్ డిస్‌ప్లే మీది అంకె, ల్యాప్‌టాప్‌ల అంకె పక్కపక్కన పెట్టి చూడు, రెండూ ఒకటే ఉండాలె.


మిర్యాలగూడ_లేత్:

పాలమూరు అన్న చెప్పింది కరెక్ట్. లీకు ఎక్కడుందో పట్టుకునే తీరు చెప్తా.

ఇంజన్ చల్లగున్నప్పుడు వాక్యూమ్ క్లీనర్‌ను ఊదే వైపుకు పెట్టి సైలెన్సర్ తోకకు గుడ్డతోని బిగించు. సబ్బునీళ్లు స్ప్రే బాటిల్‌ల పోసి హెడ్డు ఫ్లాంజ్, టర్బో ఫ్లాంజ్, డౌన్‌పైపు అతుకు, సెన్సర్ బాస్ వరసగ కొట్టుకుంట పో. బుడగలు లేచిన చోటే లీకు. ఇంట్లో కట్టిన మ్యానిఫోల్డ్‌కు నూటికి తొంభై పాళ్లు హెడ్డు ఫ్లాంజ్ చివర్లే లేస్తయ్, ఒకటో సిలిండర్ దిక్కో నాలుగో సిలిండర్ దిక్కో. వెల్డింగ్ చల్లారేటప్పుడు గుంజుకొని ఫ్లాంజ్ అరటికాయ లెక్క వంగుతది.

మ్యానిఫోల్డ్ ఇప్పి ఉక్కు స్ట్రెయిట్ ఎడ్జ్ అడ్డం పెట్టి ఫీలర్ గేజ్ దూర్చి చూడు. 0.1 ఎంఎం కన్న ఎక్కువ దూరితే ప్యాకింగ్ మార్చినా ఆగది, సర్ఫేస్ గ్రైండింగ్ చేయించాలె. గ్రైండింగ్‌కు ముందు పోర్టుల నడుమ ఫ్లాంజ్‌ను హాక్సాతోని కోసి విడదీస్తే మంచిది, వేడికి దేని దారిన అది సాగుతది. చివరి స్టడ్ల రంధ్రాలు 1 ఎంఎం పెద్దగ చెయ్, లేకుంటే సాగినప్పుడు స్టడ్లు కోసుకపోతయ్. మల్టీలేయర్ స్టీల్ ప్యాకింగ్ వాడు, లాక్‌నట్లు వెయ్. ఒకసారి బాగ వేడెక్కి చల్లారినంక మళ్లా బిగువు చూడు. ఫ్లాంజ్ మీద మామూలు సిలికాన్ పుయ్యొద్దు. నిలవదు సరికదా, దాని ఆవిరి ఆక్సిజన్ సెన్సర్‌ను చంపుతది. సెన్సర్‌కు సేఫ్ అని డబ్బా మీద రాసి ఉన్నదే ఇంజన్‌ల ఎక్కడైనా వాడాలె.

ఇంకో మాట, ఆ పైపు జీఐ అయితే పక్కన పడెయ్. జింక్ పూత వెల్డింగ్ పొగ మనిషికి విషం, అతుకుల కూడ బుడగలు మిగుల్తయ్.

ఆయిల్ సంగతి నువ్వు రాయలే. ఆయిల్ ప్రెషర్ స్విచ్ దగ్గర టీ పెట్టి ఫీడ్ తీసుకో. డ్రెయిన్ లోపలి వ్యాసం 16 ఎంఎంకు తగ్గొద్దు, టర్బో నుంచి ఛాంబర్ (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) దాకా దిగుడే తప్ప ఎక్కడా ఎక్కుడు ఉండొద్దు, ఛాంబర్‌ల ఆయిల్ మట్టం కన్న పైన కలవాలె. డ్రెయిన్ ఆగితే ఆయిల్ సీల్ దాటి ఎగ్జాస్ట్‌లకు పోతది, నీలి పొగ వస్తది, జనం టర్బో పోయిందని కొత్తది కొంటరు. ఆ పొగ కూడ సెన్సర్‌కు మంచిది కాదు. మొదటిసారి స్టార్ట్ చేసేముందు ఇంజెక్టర్ ఫ్యూజ్ తీసి సెల్ఫ్ కొట్టు, డ్రెయిన్‌ల ఆయిల్ కనబడినంకనే ఫ్యూజ్ పెట్టు.


నల్లగొండ_ఎస్టీమ్:

సబ్బునీళ్లు కొట్టి చూసినం అన్నా. నాలుగో సిలిండర్ దిక్కు హెడ్డు ఫ్లాంజ్ కింద నురగ లేచింది, ఫీలర్ గేజ్ 0.25 దూరుతున్నది. గ్రైండింగ్‌కు ఇచ్చినం. డ్రెయిన్ 19 ఎంఎం ఉన్నది, దిగుడే ఉన్నది. మ్యానిఫోల్డ్ తిరిగి పెట్టినంక ట్యూనింగ్ ఏ వరసల చెయ్యాలె? టార్గెట్ ఏఎఫ్ఆర్ (పెట్రోల్‌కు గాలి ఎన్ని వంతులో చెప్పే అంకె) 11.8 పెట్టుకోవాల్నా? ఫ్యూయల్ రెగ్యులేటర్ పాతదే, 3 బార్.


పాలమూరు_లాంబ్డా:

0.25 అంటే మొత్తం కథ అక్కడే ఉన్నది.

ఏఎఫ్ఆర్ అంకెలు పక్కన పెట్టి లాంబ్డాలనే పనిచెయ్. ఇప్పుడు బంకుల వచ్చేది ఇ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. మామూలు పెట్రోల్ సరిసమానంగ కాలేది 14.7 దగ్గర, ఇ20 సుమారు 13.5 దగ్గర. 11.8 అనే అంకెను ఒక్కొక్క గేజ్ ఒక్కో తీరుగ లెక్కిస్తది, లాంబ్డా 0.80 మాత్రం ఏ పెట్రోల్‌కైనా 0.80నే. ఐడిల్, తేలిక నడక 1.0. బూస్ట్ మొదలైతున్న దగ్గర 0.88, నిండు 0.4 బార్‌ల 0.80. 0.75 కన్న కింద శక్తి రాదు, మసి, మిస్సింగ్ వస్తయ్.

రెగ్యులేటర్‌కు మ్యానిఫోల్డ్ నుంచి వాక్యూమ్ పైపు పోతుందా చూడు. పోతే అది బూస్ట్‌ల కూడ ఊడకుండ క్లిప్ వెయ్యి. ఒకవేళ ఒత్తిడి మారని రకమైతే 0.4 బార్ బూస్ట్‌ల ఇంజెక్టర్ మీద నికరంగ మిగిలేది 2.6 బార్, పారేది 7 శాతం తగ్గుతది. ఎక్కువ ఇంధనం కావలసిన దగ్గరనే తక్కువొస్తది. బూస్ట్ ఎంత పెరిగితే ఇంధన ఒత్తిడిని అంతే, ఒకటికి ఒకటి పెంచే రెగ్యులేటర్ వేసుకో. ఇంజెక్టర్ల సైజు సరిపోతది: 110 హార్స్‌పవర్‌కు 80 శాతం డ్యూటీ (ఇంజెక్టర్ తెరిచి ఉండే టైము) మీద ఒక్కోదానికి సుమారు 220 సీసీ కావాలె, ఇ20కి దాదాపు 240.

వరస ఇది. ఎగ్జాస్ట్ మళ్లా ఊది సబ్బునీళ్లు కొట్టు. తర్వాత ఇన్‌టేక్ దిక్కు: కంప్రెసర్ మూతికి సైకిల్ ట్యూబ్ వాల్వ్ బిగించిన మూత పెట్టి 0.5 బార్ గాలి కొట్టు, ఆయిల్ మూత తెరిచి ఉంచు. పీసీవీకి (క్రాంక్‌కేస్ ఆవిరిని ఇన్‌టేక్‌కు పంపే వాల్వ్), కానిస్టర్ (ట్యాంకు ఆవిరిని పట్టే డబ్బా) పైపుకు ఒకవైపే పోయే వాల్వ్ లేకుంటే బూస్ట్ క్రాంక్‌కేస్‌ల చేరి డిప్‌స్టిక్ ఎగిరిపోతది. అప్పుడు క్లోజ్డ్ లూప్ (సెన్సర్‌ను చూసి ఈసీయూ తనంతట తానే ఇంధనం దిద్దుడు) ఆపి ఐడిల్, వేస్ట్‌గేట్ దాకా పోకుండ తేలిక లోడ్లు సరిచెయ్. సెన్సర్ దూరం ఉన్నందుకు ఐడిల్‌ల రీడింగ్ ఆలస్యంగ వస్తది, అంకె నిలబడ్డంకనే దిద్దు. బూస్ట్ చివర్ల. అక్కడ ఇంధనం ఎక్కువ నుంచి తక్కువకు రావాలె, స్పార్క్ టైమింగ్ తక్కువ నుంచి ఎక్కువకు పోవాలె. మొదట్ల ఒక పీఎస్‌ఐకి ఒక డిగ్రీ లెక్కన తగ్గించు, 0.4 బార్‌కు 6 డిగ్రీలు. నాకింగ్ చప్పుడు వస్తే కాలు తియ్యాలె, ఇంధనంతోని దాచిపెట్టొద్దు.

మన ఎండకాలం లెక్క వేరు. బయట 45 డిగ్రీలు, 0.4 బార్, కంప్రెసర్ సామర్థ్యం 65 శాతం అనుకుంటే గాలి 94 డిగ్రీల దగ్గర బయటికి వస్తది. అంతే సామర్థ్యం ఉన్న ఇంటర్‌కూలర్ దాన్ని 62కు దించుతది. అదే ఫిల్టర్ రేడియేటర్ వెనుక వేడి గాలిని పీలిస్తే లోపలికే 60 పోతది, కంప్రెసర్ నుంచి 112 వస్తది. ఫిల్టర్‌కు బయటి గాలి తేవాలె. గాలి వేడి సెన్సర్‌ను ఇంటర్‌కూలర్ తర్వాత పెట్టి, 60 డిగ్రీలు దాటితే టైమింగ్ తగ్గేటట్టు టేబుల్ రాసుకో. రేడియేటర్ల నల్లగొండ బోరు నీళ్లు పొయ్యకు, ఆ ఉప్పుకు గొట్టాలల్ల పొర కడుతది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం.


జడ్చర్ల_44:

రెండు సంగతులు. డీజిల్ టర్బో వేడికి ఆగుతదా అన్నది పైన ఎవరూ అడుగలే. డీజిల్ పొగ వేడి పెట్రోల్ కన్న తక్కువ, ఆ హౌసింగ్ దానికి తగ్గట్టు పోసింది. పెట్రోల్ మీద నిండు లోడ్‌ల 900 డిగ్రీలకు పోతది, అప్పుడు వేస్ట్‌గేట్ మూత కూసునే చోట పగుళ్లు వస్తయ్. మూత సరిగ మూసుకోకపోతే బూస్ట్ లేటుగ వస్తది, ఇరుక్కపోతే బూస్ట్ ఆగకుండ పెరుగుతది. కాబట్టి ఈసీయూల 0.55 బార్ దాటితే ఇంధనం కట్ అయ్యేటట్టు పెట్టు. చాలావాటికి నీళ్ల కూలింగ్ కూడ ఉండది, ప్రతి రౌండ్ తర్వాత రెండు నిమిషాలు ఐడిల్‌ల ఉంచి ఆపు, లేకుంటే బేరింగ్‌ల ఆయిల్ కాలి బొగ్గైతది. పెట్రోల్ టర్బో దొరికిన రోజు ఇది మార్చెయ్.

రెండోది, ఈ బండిని ట్రాక్ దాకా నడుపుకుంట పోవద్దు, డీసీఎంల ఎక్కించుకొని పో. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగ ఇంజన్ మార్చుడు కుదరది. 182ఎ(4) కింద ఓనర్‌కు ఆరు నెలల దాకా జైలు, లేదంటే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. హైవే మీద ప్రమాదమైతే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర కూడ ఇదే అడ్డం వస్తది.


పాలమూరు_లాంబ్డా:

ఫ్లాంజ్ గ్రైండింగ్ అయి వచ్చినంక పాత టేబుల్ ఎక్కించి, ఐడిల్ లాంబ్డా ఎంత చూపిస్తదో, ఇంజన్ వేడి 80 డిగ్రీలు దాటినంక తీసిన లాగ్ తోని ఇక్కడ పెట్టు. 0.95కూ 1.05కూ నడుమ ఉంటే లీకు పోయినట్టే. ఇంకా 1.1 పైనే ఉంటే సెన్సర్ బాస్ వెల్డింగ్ చుట్టూ మళ్లా సబ్బునీళ్లు కొట్టు.