సమస్థానీయమా, ఐసోటోపా?

ప్రశ్న: తొట్లకొండ తవ్వకాల్లో శాతవాహనుల సీసం నాణేలు దొరికాయి కదండీ. అలాంటి సీసం ఏ గనిదో తేల్చే పరీక్ష మీద విశాఖ బడిపిల్లలకు ఒక వ్యాసం తయారవుతోంది. అందులో “సమస్థానీయ నిష్పత్తులను బట్టి సీసం స్థానాన్ని గుర్తిస్తారు” అని ఉంది. ఈ మాట ఉంచవచ్చా?

జవాబు: ఐసోటోపు అనే రాయండి, అంటే ఒకే మూలకానివే అయినా భారంలో తేడా ఉన్న పరమాణువుల్లో ఒక్కో రకం. సమస్థానీయం తప్పుమాటేం కాదు. 1913లో రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ సాడీకి మార్గరెట్ టాడ్ అనే వైద్యురాలు అందించిన గ్రీకు మాటకు అర్థం అదే, ‘ఒకే చోటు’. కాకపోతే ఆ చోటు ఆవర్తన పట్టికలో గడి. మీ వాక్యంలో పక్కనే ‘స్థానం’ గని అర్థంలో ఉంది. చదివే పిల్లలు ఒకే ఊళ్లో దొరికిన సీసం అనుకుంటారు.

సీసానికి 204, 206, 207, 208 భారసంఖ్యలతో నాలుగు స్థిర ఐసోటోపులు. 206, 207 యురేనియం నుంచి, 208 థోరియం నుంచి పుట్టి చేరుతుంటాయి. 204 పెరగదు. ముడిఖనిజం ఏర్పడేటప్పుడు సీసం వాటినుంచి విడిపోతుంది గనక నిష్పత్తి అక్కడే ఆగిపోతుంది. కరిగించి పోతపోసినా మారదు. దీన్ని ‘సంతకం’ అంటున్నారు గానీ, ‘ఆనవాలు’ ఎంత చక్కగా ఒదుగుతుందో చూడండి.

ప్రశ్న: మరి ‘సమభారాలు’ కూడా మార్చాలా?

జవాబు: అక్కర్లేదు. వేర్వేరు మూలకాలవైనా ఒకే భారసంఖ్య ఉన్న పరమాణువులు సమభారాలు, అక్కడ భారం అంటే భారమే. ఈ పరీక్షలోనే ఉదాహరణ ఉంది. నాణెం మీది తెల్లటి పొర గీకేసి, లోపలి లోహం కొద్ది మిల్లీగ్రాములు నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, రెజిన్ గొట్టం గుండా పంపి సీసాన్ని వేరుచేస్తారు. పరమాణువులను భారాన్ని బట్టి వేరుచేసి కొలిచే యంత్రం (మాస్ స్పెక్ట్రోమీటరు) చేసే పక్షపాతం సరిదిద్దడానికి, 205, 203 నిష్పత్తి ముందే తెలిసిన థాలియం కలుపుతారు. పాదరసం 204 ఏ కాస్త ఉన్నా సీసం 204తో కలిసిపోతుంది, రెండూ సమభారాలు గనక. పాదరసం 202ను కొలిచి ఆ వాటా తీసేయాలి. మరిస్తే 206/204 తగ్గి, సీసం వేరే గనిదిలా కనబడుతుంది.

ఇంకోటి, ‘గుర్తిస్తారు’ కూడా మార్చండి. ఆంధ్రలోని అగ్నిగుండాలదో, రాజస్థాన్ జావర్‌దో ముడిఖనిజంతో పోల్చి “ఇది కాదు” అనడం తేలిక. “ఇదే” అనడం కష్టం. రెండు గనుల నిష్పత్తులు ఒకటిగా ఉండొచ్చు. పాత నాణేలు కరిగించి కలిపితే ఏ గనికీ చెందని నడిమి అంకె వస్తుంది.

ప్రశ్న: అయితే “నాణెంలోని సీసం ఐసోటోపుల నిష్పత్తి ఏ గనులతో సరిపోలుతుందో, వేటితో పోలదో చూస్తారు” అంటే?

జవాబు: బాగుందండీ. ఐసోటోప్ అని పొల్లుతో ఆపకుండా ‘ఐసోటోపు’ అన్నారు, విభక్తి కూడా చక్కగా అతికింది.