అప్‌డేట్: వాడపల్లి - దేవరకొండ సిమెంటు లారీ డీజిల్ ఖర్చు తగ్గింది

వాడపల్లి నుంచి దేవరకొండ సైట్లకు సిమెంటు తెచ్చే మా లారీ డీజిల్ తెగ తాగుతోందని, ఇంజన్ విప్పించాలా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

ఇంజన్‌లో ఏ లోపమూ లేదు. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు బాగానే ఉన్నాయని మెకానిక్ తేల్చాడు. వెనుక టైర్లలో గాలి తక్కువగా ఉంది. అది సరిచేస్తే కాస్త మేలు. జీపీఎస్‌కు పెట్టిన డబ్బు మాత్రం దండగ, మాకున్నది ఒకటే దారి!

అసలు తప్పు నాదే. ఏ మేస్త్రి ఫోను చేస్తే ఆ రోజే ఎనభై, తొంభై బస్తాలకు బండి పంపేవాడిని. ఇప్పుడు మూడు సైట్ల అవసరం కలిపి వారానికి రెండుసార్లే, పది టన్నులు, అంటే 200 బస్తాలు నిండాకే కదులుతోంది. హమాలీలు వచ్చేదాకా ఇంజన్ ఆపేయిస్తున్నాను. లీటరు డీజిల్ మండితే రెండున్నర కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుందని ఇక్కడే ఒకరు చెప్పారు, ఆ మాట గుర్తుండిపోయింది.

తిరుగు ప్రయాణంలో మిర్యాలగూడ మిల్లులకు ధాన్యం వేయమని ఇక్కడ ఒక అన్న ఇచ్చిన సలహాయే అన్నిటికన్నా పనికొచ్చింది. అయితే మొదటి లోడును మిల్లువాళ్లు వెనక్కి పంపారు, బస్తాలకు సిమెంటు దుమ్ము అంటిందని. తొట్టి శుభ్రంగా ఊడ్చి, కింద టార్పాలిన్ పరిచాకే ఒప్పుకున్నారు. కోతలు లేని నెలల్లో మాత్రం ఇప్పటికీ ఖాళీగానే వెళ్తోంది.