అంబేద్కర్ పఠన మందిరానికి ముదురు నీలి బూడిద రంగు తగునా?

బ్రాడీపేట డిజైనర్: గుంటూరులో మా కాలనీవారు కట్టుకుంటున్న అంబేద్కర్ పఠన మందిరం ముందుగోడకూ నామఫలకానికీ మార్కాపురం పలకను పోలిన ముదురు నీలి బూడిద రంగును ప్రతిపాదించాను. దాని మీద తెల్లని అక్షరాలు దూరానికి కూడా స్పష్టంగా కనిపిస్తాయి, దుమ్ము పడినా త్వరగా మాసినట్టు ఉండదు, చదువుకునే చోటికి కావలసిన నిదానమూ ఆ రంగులో ఉంది. అయినా కమిటీలో కొందరు వద్దంటున్నారు. సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

పట్నంబజారు: పడమటి గోడకు మాత్రం వేయించకండి. ముదురు రంగు ఎండను పీల్చుకుంటుంది.

కృష్ణలంక పాఠకుడు: అంబేద్కర్ 1942లో స్థాపించిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ జెండా నీలం. ఏప్రిల్ 14న ఊరూరా ఎగిరేదీ ఆ నీలమే. అందులో బూడిద ఎందుకు కలపాలి?

బ్రాడీపేట డిజైనర్: బూడిద కలిసినంత మాత్రాన నీలం పోదండి. విలియం పేన్ అనే ఆంగ్ల చిత్రకారుడి పేరు మీద నిలిచిన పేన్స్ గ్రే కూడా నీలం కలిసిన బూడిదే. నీటిరంగులు వేసేవారు నీడలకు నలుపు బదులు దానిని వాడతారు.

కృష్ణలంక పాఠకుడు: నీడలకు వాడే రంగును అంబేద్కర్ పేరున్న గోడకు వేస్తామంటున్నారన్నమాట.

బ్రాడీపేట డిజైనర్: నేను చెప్పింది రంగుల మిశ్రమం గురించి. వెబ్ ప్రమాణాలు మామూలు అక్షరాలకూ వాటి వెనక రంగుకూ మధ్య వెలుగులో కనీసం 4.5:1 వ్యత్యాసం అడుగుతాయి, నా నమూనా దానిని సులువుగా దాటుతుంది. పైగా గతంలో ఒక ట్యూషన్ కేంద్రానికి వారు కోరినట్టే మెరిసే నీలం వేయిస్తే, ఏడాది తిరగకముందే వెలిసిపోయిందని నాకు రావలసిన సొమ్ము ఆపేశారు.

అరండల్‌పేట: అది పెయింటు నాణ్యత, రంగు తప్పు కాదు.

కృష్ణలంక పాఠకుడు: అక్షరాలు కనిపించవని నేను ఎప్పుడూ అనలేదు. నేను చదివిన కళాశాలలో జయంతి బ్యానరు కట్టిన ప్రతిసారీ నీలం కొట్టొచ్చినట్టు ఉంది, కాస్త తగ్గించమనేవారు. పక్కనే మరో ఉత్సవానికి కట్టిన ఎర్రటి తోరణాల గురించి ఎవరూ నోరు విప్పేవారు కాదు. నిదానం కావాలని మీరంటుంటే నాకు ఆ మాటే వినిపిస్తోంది. మా రంగును మేము ఎంత గట్టిగా చూపాలో బయటివారు ఎందుకు నిర్ణయించాలి?

బ్రాడీపేట డిజైనర్: నేను బయటివాడిని కాను, ఆ కాలనీలోనే పుట్టాను. మన మందిరం జెండాస్తంభంలా కాక, ఏ పెద్ద గ్రంథాలయానికీ తీసిపోని గాంభీర్యంతో నిలవాలన్నదే నా పట్టుదల.

కృష్ణలంక పాఠకుడు: ఆ గాంభీర్యం నీలంలోనే ఉందని నేను నమ్ముతున్నాను. లోపలి అరలకూ బల్లలకూ మీ రంగు వాడండి, అభ్యంతరం లేదు. వీధిలోకి కనిపించే గోడకు మాత్రం నేను ఒప్పుకోను.