ఏంజెల్స్ ఆఫ్ డెత్: చెల్లికి చూపించవచ్చా?

2018లో వచ్చిన ఈ అనిమే (జపనీస్ యానిమేషన్ సిరీస్) మొత్తం 16 ఎపిసోడ్లు. నేను 6 చూశాను. పదమూడేళ్ల రేచెల్ ఎక్కడో నేలమాళిగలో, బీ7 అంతస్తులో కళ్లు తెరుస్తుంది. పైకి వెళ్లేకొద్దీ అంతస్తుకో హంతకుడు. వాళ్లలో ఒకడైన, చదవడం రాని జాక్‌కి బయటపడే దారి కావాలి, ఆమెకేమో అతని చేతిలో చావు కావాలి. సాయం చేస్తే చంపుతానని మాటిస్తాడు! నన్ను కట్టిపడేసింది ఆ ఒప్పందమే, అతని కొడవలి కాదు.

మా చెల్లికీ పదమూడేళ్లే. తనూ చూస్తానని ఒకటే గొడవ. రక్తం సంగతి సరే, చావాలనే ఆ కోరికను చివరికి ఎటు తీసుకెళ్తారు? పూర్తిగా చూసినవాళ్లు ముగింపు బయటపెట్టకుండా చెప్తారా? అన్నట్టు, దీనికి మూలమైన 2015 నాటి గేమ్ ముందు ఆడటం మేలా?