పనిమనిషి వేషం చిన్నదా? మదలేన్ బెజార్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

ప్రశ్న (విజయనగరం నుంచి)
నమస్కారమండీ. మా కాలేజీ వాళ్లం ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ రాసిన 'టార్టుఫ్' నాటకం తెలుగులో ఆడబోతున్నాం. నాకు పనిమనిషి డొరీన్ వేషం ఇచ్చారు. మా అమ్మ "నీకు పనిమనిషి వేషమా" అని ముఖం ముడుచుకుంది, రెండ్రోజులుగా నాకూ మనసు పీకుతోంది. పారిస్‌లో ఆ వేషం కట్టింది మదలేన్ బెజార్ అట. ఆవిడెవరు?

జవాబు (శ్రీకాకుళం)
తల్లీ, ఆవిడ 1618లో పారిస్‌లో పుట్టింది. 1643 జూన్ 30న పది మంది కలిసి నాటక సమాజం పెట్టుకుంటూ రాసుకున్న ఒప్పందంలో, నచ్చిన వేషం ఎంచుకునే హక్కు మదలేన్‌కి రాసిచ్చారు. అప్పటికే పేరున్న నటి మరి. ఆ పది మందిలో మోలియేర్ 21 ఏళ్ల కుర్రాడు. సమాజం అప్పుల పాలై, 1645లో అతను జైలుకి కూడా వెళ్లాడు. ఆ తర్వాత పన్నెండేళ్లకు పైగా ఊరూరా తిరిగి ఆడి, 1658లో రాజు పద్నాలుగో లూయీ ముందు ఆడాకే పారిస్‌లో నిలదొక్కుకున్నారు. మొదట్లో విషాద నాటకాల్లో రాణులుగా వేసిన మనిషి, టార్టుఫ్ నాటకం మీదున్న నిషేధం తొలగి 1669లో ఆడినప్పుడు 51 ఏళ్ల వయసులో డొరీన్‌గా నిలబడింది.

జవాబు (విజయనగరం)
డొరీన్ నేనూ వేశానమ్మా. రెండో అంకంలో ప్రేమికులిద్దరూ అలిగి చెరోవైపు వెళ్లిపోతుంటే, అబ్బాయిని పట్టుకునేసరికి అమ్మాయి జారుకుంటుంది, ఆమెని లాక్కొచ్చేసరికి వీడు గుమ్మం దగ్గరుంటాడు. అక్కడ ఒక్క అడుగు ఆలస్యమైనా నవ్వు రాదు, నాకు రిహార్సల్‌లో రోజూ ఆయాసమే. అసలు ఆ దొంగ భక్తుడు టార్టుఫ్ మూడో అంకం దాకా రాడు, అప్పటిదాకా ఇల్లంతా మోసేది నువ్వే. 1892లో మన ఊళ్లోనే మొదట ఆడిన కన్యాశుల్కంలో మధురవాణిని తీసేస్తే ఏం మిగులుతుందో ఆలోచించు.

శ్రీకాకుళం
ఇంకొక్క మాట. ఆ రోజుల్లో నటులకి చర్చి అంత్యక్రియలు దక్కాలంటే నటన మానేస్తున్నానని ఒప్పుకోవాలి. మదలేన్ అలా ఒప్పుకుని 1672 ఫిబ్రవరి 17న పోయింది. సరిగ్గా ఏడాదికి అదే తేదీన మోలియేర్ పోతే, రాజు కల్పించుకున్నాకే రాత్రి పూట పూడ్చనిచ్చారు. ముప్ఫై ఏళ్లు ఆడిన మదలేన్ చేత అలా ఒప్పించారంటే నాకిప్పటికీ కడుపు రగులుతుంది.

ప్రశ్న అడిగిన అమ్మాయి
ఇదంతా అమ్మకి చదివి వినిపించాను, ఏమీ అనలేదు గానీ రిహార్సల్‌కి వస్తానంది. టార్టుఫ్ రుమాలు తీసి "ముందు ఇది కప్పుకో" అంటాడు కదా, అక్కడ డొరీన్‌గా నా జవాబు కోపంగా అనాలా, నవ్వుతూ అనాలా?

విజయనగరం
రెండూ వద్దు. రుమాలు వైపు ఒకసారి, అతని కళ్లలోకి ఒకసారి చూసి, కూరగాయలు బేరమాడే గొంతుతో అను. నవ్వు జనం చూసుకుంటారు.